మాట ఇచ్చుకోకముందే చూసుకోవాల్సిన లెక్క

పదో తరగతి జీవశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరికీ మెండెల్ బఠానీ మొక్కలు గుర్తుండే ఉంటాయి. పొడుగు మొక్కను పొట్టి మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ పొడుగువే వస్తాయి. వాటిని వాటితోనే కలిపితే రెండో తరంలో నాలుగింట ఒకటి పొట్టిదవుతుంది. పట్టిక గీసి, 3:1 అని రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలే, మరో ఐదారేళ్లకు ఇంట్లో ‘బావకే ఇచ్చేద్దాం’ అన్న మాట వచ్చినప్పుడు ఆ పట్టికను తలచుకోరు. ఒక తరంలో మరుగునపడి మరో తరంలో బయటపడే లక్షణం బఠానీల్లోనే కాదు, తమ వంశంలోనూ ఉండొచ్చని వాళ్లకు తట్టదు. వాళ్లకు అలా విడమరచి చెప్పినవాళ్లు లేరు.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశం మొత్తం మీద రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు 11 శాతమని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అవి 26 శాతం, తెలంగాణలో 18 శాతం. తమిళనాడు, కర్ణాటకల్లో ఇంకొంచెం ఎక్కువ. ఇది నిన్నా మొన్నా వచ్చిన ఆచారం కాదు. మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ పెళ్లాడటం దక్షిణాది వారి ప్రత్యేకతగా బౌధాయన ధర్మసూత్రం చెప్పింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య, మేనమామ మేనకోడళ్ల మధ్య పెళ్లిని నిషిద్ధ సంబంధాల్లో చేర్చింది. ఆచారం ఉన్నచోట మాత్రం చెల్లుతుందని వెసులుబాటు ఇచ్చింది. మన మేనరికాలన్నీ ఆ వెసులుబాటు మీదే నడుస్తున్నాయి.

మేనరికమైతే పొలం బయటికి పోదు. కట్నం బేరాలు అంతగా ఉండవు. అత్తగారు కొత్త మనిషి కాదు, చిన్నప్పటి నుంచి ఎత్తుకుని పెంచిన మేనత్తే. ఆడపిల్లను తెలియని ఇంటికి పంపాలంటే గుండె దడదడలాడే తల్లికి ఇవి చిన్న కారణాలు కావు. అలాంటి తల్లి ముందు మేనరికాన్ని మూఢాచారమని తీసిపారేస్తే ఆమె వినదు. వినకపోవడంలో ఆమె తప్పు కూడా లేదు.

ఇక పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలకు ఈ విషయంలో తెలిసింది చాలామటుకు రెండు మాటల్లో ఇమిడిపోతుంది. ‘మేనరికం చేసుకుంటే అవిటి పిల్లలు పుడతారట’ అన్నది ఒకటి. ‘మా అమ్మానాన్నలదీ మేనరికమే, నాకేమైంది?’ అన్నది రెండోది. మొదటి మాట అకారణంగా భయపెడుతుంది, రెండోది అకారణంగా ధైర్యం చెబుతుంది. రెండింటిలోనూ లెక్క లేదు. నిజానికి తెలుగు నేల మీద ఈ లెక్కలు తీయడం ఇవాళ మొదలైంది కాదు. ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎన్ని, వాటి ఫలితాలేమిటన్న దానిపై 1963లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. అరవై ఏళ్లు దాటినా ఆ జ్ఞానం మన కాలేజీ పిల్లల దాకా రాలేదు.

లెక్క ఇది. మామూలుగా పుట్టే ప్రతి వంద మంది బిడ్డల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతోనే ఏదో ఒక తీవ్రమైన లోపం ఉంటుంది. బావామరదళ్ల పిల్లల్లో ఆ సంఖ్య సుమారు రెట్టింపవుతుంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో 11 వేల మందికి పైగా పసిపిల్లలను పరిశీలించి 2013లో లాన్సెట్ పత్రికలో వేసిన అధ్యయనం కూడా, పెదతండ్రి పినతండ్రి, మేనత్త మేనమామల పిల్లలు పెళ్లాడిన జంటల్లో ఈ ప్రమాదం 3 శాతం నుంచి 6 శాతానికి పెరిగిందనే చెప్పింది. అంటే వందలో 94 మంది అలాంటి లోపమేదీ లేకుండానే పుడతారు. అందుకే ‘నాకేమైంది’ అనే కుర్రవాడు అబద్ధమాడటం లేదు. చుట్టుపక్కల నాలుగైదు కుటుంబాలను చూసి ఈ తేడాను ఎవరూ పసిగట్టలేరు, వెయ్యి కుటుంబాలను చూస్తేగాని అది బయటపడదు.

అయితే ఈ సగటు ఒక పెద్ద విషయాన్ని కప్పేస్తుంది. ప్రమాదం అన్ని మేనరికాలకూ సమానంగా పంచి ఉండదు. చాలా జంటలకు అది పెరిగేది చాలా తక్కువ. ఏ కొన్ని జంటలకో మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి. ఎందుకంటే ప్రతి మనిషిలోనూ అంతర్గతంగా దాగిన జన్యులోపాలు కొన్ని ఉంటాయి. జత జన్యువుల్లో రెండోది సరిగా ఉన్నంతకాలం ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు. అతను రోగి కాదు, వాహకుడు మాత్రమే. భార్యాభర్తలిద్దరూ ఒకే లోపానికి వాహకులైతేనే చిక్కు. ఒకే తాతా అమ్మమ్మల నుంచి వచ్చినవాళ్లకు ఆ అవకాశం ఎక్కువ.

‘16 కోట్ల ఇంజెక్షన్’ కోసం పసిబిడ్డల తల్లిదండ్రులు చేతులు జోడించి వేడుకోవడం తెలుగు పత్రికల్లో, టీవీల్లో అందరం చూశాం. ఆ ఇంజెక్షన్ అవసరమయ్యే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే కండరాల జబ్బుకు సుమారు యాభై మందిలో ఒకరు వాహకులు. సంబంధం లేని ఇద్దరు పెళ్లాడితే వాళ్ల బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం దాదాపు పది వేలలో ఒకటి. మేనమామ కూతుర్ని చేసుకుంటే సుమారు 1,600లో ఒకటి. అక్క కూతుర్నే చేసుకుంటే సుమారు 800లో ఒకటి. ఇప్పటికీ చిన్న సంఖ్యలే, నిజమే. కానీ ఇలాంటి అంతర్గత వ్యాధులు వెయ్యికి పైగా ఉన్నాయి. పుట్టు చెవుడు, రెటీనా క్షీణించి చూపు పోవడం, శరీరంలో ఎంజైమ్‌లు లోపించి మెదడు దెబ్బతినడం, తలసీమియా – వీటన్నిటి చిన్న సంఖ్యలూ కూడితే పైన చెప్పిన రెట్టింపు అవుతుంది. జబ్బు ఎంత అరుదైనదైతే దానిలో మేనరికం వాటా అంత పెరుగుతుంది. మరోవైపు డౌన్ సిండ్రోమ్ లాంటివి మేనరికం వల్ల వచ్చేవి కావు. ఏ లోపం కనబడినా మేనరికం మీదికి, ఆ పైన తల్లి మీదికి నెట్టేసే ఇళ్లకు ఇది కూడా తెలియాలి.

మేనరికాలన్నీ ఒకే లెక్కలోకి రావు. మేనమామ మేనకోడళ్లు పంచుకునే జన్యువులు బావామరదళ్లు పంచుకునేవాటికి రెట్టింపు. కుండమార్పిడి పెళ్లిళ్ల సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. ఈ ఇంటి అన్నాచెల్లెళ్లు ఆ ఇంటి అన్నాచెల్లెళ్లను చేసుకుంటే, వాళ్ల పిల్లలు రెండు వైపుల నుంచీ బావామరదళ్లవుతారు. పిలుపుకు అది మామూలు మేనరికమే. జన్యువుల లెక్కలో మాత్రం మేనమామను చేసుకున్నంత దగ్గర. తాతల తరం నుంచీ ప్రతి తరంలోనూ మేనరికమే జరిగిన ఇంట్లో ఆ దగ్గరితనం ఇంకా పేరుకుంటుంది. కాబట్టి ‘మేనరికం మంచిదా చెడ్డదా’ అన్న ప్రశ్న కంటే, ‘మా ఇంట్లో ఎన్ని తరాలుగా, ఎంత దగ్గర?’ అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. ఆ వంశవృక్షాన్ని గీయడానికి కాగితం, ఓ నాయనమ్మ జ్ఞాపకశక్తి ఉంటే చాలు. పసితనంలోనే పోయిన బిడ్డలెందరు, మాట రానివాళ్లెవరు, చూపు తగ్గినవాళ్లెవరు అని ఆమెను అడిగితే, జన్యు వైద్యుడు మొట్టమొదట అడిగే ప్రశ్నలకు సగం జవాబులు దొరికినట్టే.

చదువుకున్న పిల్లలు కూడా పొరబడే చోట్లు రెండున్నాయి. గోత్రాలు వేరు కదా అన్న నమ్మకం మొదటిది. గోత్రం తండ్రి వైపు నుంచే నడుస్తుంది. మేనమామ కూతురి గోత్రం ఎలాగూ వేరే ఉంటుంది. జన్యువులు తల్లి వైపు నుంచీ అంతే వస్తాయి. రెండోది బ్లడ్ గ్రూప్. ఇద్దరిదీ ఒకటే గ్రూపు కాకపోతే చాలు, మేనరికమైనా ఫర్వాలేదని ధీమాగా చెప్పేవాళ్లున్నారు. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లికి తీసుకునే జాగ్రత్త వేరు. వంశపారంపర్య వ్యాధుల గురించి బ్లడ్ గ్రూప్ ఏమీ చెప్పదు.

ఇంకో మాట కాస్త ఇబ్బందికరమైనదే అయినా చెప్పాలి. మేనరికం మానేసినంత మాత్రాన ఈ చిక్కు పూర్తిగా తీరిపోదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో నేచర్ జెనెటిక్స్‌లో ప్రచురించిన పరిశోధన, దక్షిణాసియాలో వారు పరిశీలించిన 263 సమూహాల్లో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించాయని చూపింది. ఆ సమూహం లోపలే తరతరాలుగా పెళ్లిళ్లు జరగడం వల్ల, చుట్టరికం లేదనుకునే ఇద్దరూ ఒకే పూర్వీకుడి జన్యులోపాన్ని మోసే అవకాశం ఉంది. వైశ్యుల్లో కొందరికి మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక కండరాల మందు పడకపోవడం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఇందులో ఏ కులాన్నీ వేలెత్తి చూపాల్సింది లేదు, చాలా కులాలదీ ఇదే పరిస్థితి. ‘మాది మేనరికం కాదు, మాకెందుకీ పరీక్షలు’ అనే యువతకు ఇది తెలియాలని నా తాపత్రయం.

తెలియడం ఒక్కటే చాలదు, ఎప్పుడు తెలిసిందన్నది అంతకంటే ముఖ్యం. సౌదీ అరేబియా 2004లో పెళ్లికి ముందు తలసీమియా, సికిల్‌సెల్ పరీక్షలను తప్పనిసరి చేసింది. ఫలితం ఎలా ఉన్నా పెళ్లి చేసుకునే స్వేచ్ఛ మాత్రం జంటకే వదిలింది. ఇద్దరూ వాహకులని తేలిన జంటల్లో మొదటి ఏడాది పెళ్లి మానుకున్నది 9 శాతమే. శుభలేఖలు పంచాక, చుట్టాలు దిగాక కాగితం చేతికొస్తే ఎవరు మాత్రం ఆగుతారు? ఏళ్లు గడిచి విషయం జనంలోకి వెళ్లాక, 2009 నాటికి అలా మానుకున్నవారు సగం దాటారు. న్యూయార్క్‌లోని ఛాందస యూదు సమాజం ఇంకా ముందే మేల్కొంది. టే-శాక్స్ వ్యాధితో నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టీన్ అనే మతగురువు 1983లో ‘డోర్ యెషోరిమ్’ అనే సంస్థను స్థాపించారు. చదువుకునే వయసులోనే పరీక్ష చేస్తారు. ఫలితం చెప్పరు, ఒక సంఖ్య ఇస్తారు. సంబంధం చూసేటప్పుడు ఇద్దరి సంఖ్యలూ చెబితే, ఆ జంట కలవొచ్చో లేదో చెబుతారు. ఎవరు వాహకులో ఊరికి తెలియదు, ఏ పిల్ల మీదా ముద్ర పడదు. బ్రాడ్‌ఫర్డ్‌లో చట్టమేమీ చేయకుండానే, పాకిస్తానీ మూలాలున్న తల్లుల్లో రక్తసంబంధీకులను చేసుకున్నవారు ఓ దశాబ్దంలో 62 శాతం నుంచి 46 శాతానికి తగ్గారు. అక్కడ చదువుకున్న ఆడపిల్లలు తమ పెళ్లి గురించి తామే మాట్లాడటం మొదలుపెట్టారు.

మన దగ్గర మాట ఎప్పుడు పడుతుంది? చాలా ఇళ్లలో పిల్ల ఉయ్యాల్లో ఉండగానే ‘ఇది మా వాడికే’ అని అనేసుకుంటారు. పద్దెనిమిదేళ్లకు ఆమె కాదంటే అది అన్నాచెల్లెళ్ల మధ్య తగువవుతుంది. ఇళ్లలో ఒకరిద్దరే పిల్లలున్న ఈ రోజుల్లో వరసైన పిల్ల ఒక్కతే ఉంటే ఒత్తిడి అంతా ఆమె మీదే. అలాంటప్పుడు జన్యువుల గురించి తెలిసినా నోరు విప్పే ధైర్యం ఆ పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఈ పరీక్ష ఆమె ఒక్కతే అడిగి చేయించుకోవాల్సినదిగా ఉండకూడదు. ఇంటర్ రెండో ఏడాదిలోనో డిగ్రీ మొదటి ఏడాదిలోనో, ఆడామగా తేడా లేకుండా అందరికీ జరగాలి. తలసీమియాకు మామూలు రక్తపరీక్ష, అందులో అనుమానం వస్తే హిమోగ్లోబిన్ రకాలను కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష సరిపోతాయి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారందరికీ పరీక్ష చేసి కార్డులు ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకుంది. పాడేరు, ఉట్నూరు పిల్లలకు చేయదగ్గ పనిని విజయవాడ, వరంగల్ కాలేజీల్లో చేయలేమా? ఫలితం ఆ విద్యార్థి చేతికే ఇవ్వాలి తప్ప ప్రిన్సిపాల్‌కో తండ్రికో పంపకూడదు. వాహకురాలని తెలిసిన మరుక్షణం సంబంధాలు చెడగొట్టే సమాజం మనది.

ఒక స్పష్టత అవసరం. లోపంతో పుట్టిన బిడ్డ బతుకు తక్కువదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. అలాంటి బిడ్డలను కళ్లల్లో పెట్టుకుని పెంచుతున్న తల్లిదండ్రులే ముందుగా తెలిసుంటే బాగుండేదంటారు. ఆ మాటకు విలువనివ్వాలి.

ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు గుండెలు బాదుకోనవసరం లేదు. గర్భం రాకముందే ఓసారి జన్యు వైద్యుల సలహా తీసుకోవడం మంచిది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అదే నగరంలోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జన్యు పరీక్షలు జరుగుతాయి. జిల్లాల్లో ఇలాంటి సేవలు దొరకడం కష్టం, ప్రభుత్వాలు పూనుకోవాల్సింది అక్కడే. కుటుంబంలో ఇదివరకే జబ్బుతో బిడ్డ పుట్టి ఉంటే, ఏ జన్యువులో మార్పు వల్ల అలా జరిగిందో మొదట ఆ బిడ్డ రక్తంతోనే తేల్చుకోవాలి. అది తెలిస్తే తర్వాతి కాన్పులో 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న నమూనా తీసి, కడుపులోని బిడ్డకు ఆ జబ్బు ఉందో లేదో చెప్పగలరు. ఏం చేయాలన్నది ఆ దంపతుల నిర్ణయం. చాలా ఇళ్లలో ఆ మొదటి బిడ్డ పోయిన దుఃఖంలో ఈ పరీక్ష మాటే ఎవరికీ గుర్తురాదు, ఆసుపత్రి కాగితాలు కూడా దాచుకోరు. ఆ నివేదిక ఒక్కటి భద్రంగా ఉంటే, ఆ ఇంటి మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు, పిన్ని బాబాయి పిల్లలు పెళ్లీడుకొచ్చేసరికి తమలో ఆ మార్పు ఉందో లేదో ఒక్క రక్తపరీక్షతో తెలుసుకోగలరు.