కాలం మీద నెపం

ప్రొటెస్టంటు, కాథలిక్కు చీలికను గురించి మన తెలుగులో వచ్చే వ్యాసాలకు దాదాపు ఒకటే మూస. 1517 అక్టోబరు 31న విటెన్‌బర్గ్ చర్చి తలుపు మీద లూథర్ సుత్తి దెబ్బ, రోములో పదవ లియో పోపు విలాసాలు, పాపపరిహార పత్రాల వ్యాపారం, ఆ పిమ్మట స్వేచ్ఛాసూర్యోదయం. (తలుపుకు మేకులు కొట్టిన ముచ్చట నిజమేనా అన్నది చరిత్రకారుల మధ్య తేలలేదు. ఆ తొంభై అయిదు వాదాలను మైన్జ్ ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టుకు పంపడం మాత్రం నిజం. ఆల్బ్రెక్టు కొలువుండిన హాలే పట్టణంలోనే రెండు శతాబ్దాల తరువాత బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడన్నది మనబోటివాళ్ళకు ఆసక్తికరమైన సంగతి.)

నేనూ చాలాకాలం ఆ మూసలోనే ఆలోచించాను. కాల్విన్‌ను ఒకచోట ఆకాశానికెత్తాను కూడా. అప్పుడొక పెద్దాయన "మరి సెర్వెటస్ సంగతేమిటి?" అని అడిగితే, "ఆ కాలం అటువంటిదండీ" అని తప్పుకున్నాను. అది జవాబు కాదని ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

సెర్వెటస్ స్పెయిన్ దేశస్థుడు, వైద్యుడు. గుండెనుంచి రక్తం ఊపిరితిత్తులలోకి పోయి తిరిగి గుండెకు చేరుతుందని ఐరోపాలో మొట్టమొదట అచ్చులో చెప్పినవాడు. ఆ మాట చెప్పింది వైద్యగ్రంథంలో కాదు. త్రిత్వ సిద్ధాంతాన్ని ఖండిస్తూ 1553లో రహస్యంగా అచ్చువేయించిన మతగ్రంథంలో. అప్పటికాయన ఫ్రాన్సులోని వియెన్ పట్టణంలో మారుపేరుతో వైద్యం చేసుకుంటున్నాడు. ఆ గుట్టు కాథలిక్కు విచారణాధికారులకు ఎక్కడినుంచి చేరిందనుకున్నారు? జెనీవానుంచి! కాల్విన్ అనుచరుడొకడు లియాన్‌లో ఉన్న తన కాథలిక్కు బంధువుకు జాబు రాశాడు. రుజువులు కావాలని అడిగితే, సెర్వెటస్ పూర్వం కాల్విన్‌కు స్వదస్తూరీతో రాసిన ఉత్తరాలను కాల్విన్ దగ్గరే తీసుకుని పంపాడు. పోపును క్రీస్తువిరోధి అని రోజూ తిట్టిపోసే నగరంనుంచి పోపు మనుషులకు సాక్ష్యాలు అందాయి.

సెర్వెటస్ చెర తప్పించుకుని పారిపోయాడు. వియెన్ వాళ్ళు ఆయన బొమ్మను తగలబెట్టి ఊరుకున్నారు. ఆగస్టులో ఆయన, ఏమనుకున్నాడో ఏమో, జెనీవాకే వచ్చి పట్టుబడ్డాడు. ఫిర్యాదిగా నిలిచినవాడు కాల్విన్ కార్యదర్శి. త్రిత్వాన్ని, శిశు బాప్తిస్మాన్ని నిరాకరించాడన్నది నేరం. అక్టోబరు 27న షాంపెల్ దగ్గర సజీవంగా కాల్చారు. కాథలిక్కులు కాల్చింది బొమ్మను, ప్రొటెస్టంట్లు కాల్చింది మనిషిని.

తీర్పు నగరసభది, కాల్విన్‌ది కాదు. కాల్చవద్దు, తల నరకండని ఆయన అడిగిన మాటా నిజమే. తక్కిన స్విస్ నగరాలు కూడా సెర్వెటస్‌ను దోషి అన్నాయి. లూథర్ కుడిభుజమైన మెలాంక్తన్ మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ మరుసటి ఏడు ఆ శిక్షను సమర్థిస్తూ పుస్తకం రాయమని కాల్విన్‌ను ఎవరూ బలవంతపెట్టలేదు కదా?

1903లో కాల్విన్ అనుయాయులే షాంపెల్‌లో ప్రాయశ్చిత్తంగా ఒక శిల నిలిపారు. మంచి పనే. అయితే ఆ తప్పు ఆయన శతాబ్దానిదని శిల మీద చెక్కించారు. నేను పెద్దాయనకు చెప్పిన జవాబే, రాతి మీద!

ఆ శతాబ్దంలోనే సెబాస్టియన్ కాస్టెలియో ఉన్నాడు. కాల్విన్ కన్నా ఆరేళ్ళు చిన్న. జెనీవా పాఠశాలకు అధిపతిగా కాల్విన్ చేరదీసినవాడే. పరమగీతాన్ని గురించి అభిప్రాయభేదం వచ్చి, బోధకపదవి దక్కక, బాసెల్‌కు వలసపోయాడు. అక్కడ అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దుతూ, పెద్ద సంసారంతో అవస్థపడుతూ, బైబిలును లాటిన్‌లోకీ ఫ్రెంచిలోకీ అనువదించాడు. 1554లో, సెర్వెటస్ బూడిదై ఆర్నెల్లయినా కాకముందే, మారుపేరుతో ఒక పుస్తకం తెచ్చాడు. పాషండులను చంపరాదని వాదించిన పాత, కొత్త రచయితల మాటలన్నీ అందులో పోగుచేశాడు. ఆ వరుసలో లూథర్ ఉన్నాడు. అంతకుముందు కాల్విన్ రాసిన మాటలూ ఉన్నాయి! పాషండుడంటే మన అభిప్రాయంతో ఏకీభవించనివాడని మాత్రమే తనకు అర్థమవుతోందని ముందుమాటలో ఆయన అభిప్రాయం. అదే కాలం, అదే భాష, అదే బైబిలు. కాలం ఆయన కళ్ళు మూయలేదే!

ఆ పుస్తకానికి కాల్విన్ వారసుడు బెజా అదే ఏడు జవాబిచ్చాడు. కాల్విన్ మరికొన్నాళ్ళకు ఇంకో మెట్టు దిగి, కాస్టెలియో కట్టెలు దొంగిలించాడని రాశాడు. పొయ్యిలోకి కట్టెలు కొనలేక, వరదలో రైన్ నది మీద కొట్టుకొచ్చే దుంగలను కొక్కెంతో లాక్కున్నానని, బాసెల్ జనమంతా చేసే పనే అదని ఆయన సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ వాక్కలహంలో నన్ను అన్నిటికన్నా బాధించేది ఈ కట్టెల గొడవే.

ఇది చదివి కాథలిక్కు మిత్రులు చంకలు గుద్దుకోనక్కరలేదు. 1572లో పారిస్‌లో వేలాది హ్యూగనాట్లను ఊచకోత కోస్తే పదమూడవ గ్రెగరీ పోపు స్తోత్రగీతం పాడించి, పతకం పోయించాడు. 1935లో పునీతుడైన థామస్ మోర్ ఇంగ్లండుకు ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లో ఆరుగురు దహనమయ్యారు. తన అంతరాత్మకోసం తల ఇచ్చినవాడే పరుల అంతరాత్మను కట్టెల మీదికెక్కించాడు. అక్కడా వినిపించే సమర్థన కాలమే.

జెనీవాలోని సంస్కర్తల గోడ మీద ఫారెల్, కాల్విన్, బెజా, నాక్స్ నిలువెత్తుకు మూడింతల విగ్రహాలై నిలబడ్డారు. కాస్టెలియో అక్కడ లేడు. 1563 చివర్లో, తన మీద మతద్రోహ అభియోగం నడుస్తూండగానే, నలభై ఎనిమిదేళ్ళ వయసులో బాసెల్‌లో పోయాడు. కాల్విన్ పుస్తకానికి ఆయన వాక్యానికి వాక్యంగా రాసిపెట్టిన ఖండన వ్రాతప్రతిగానే ఉండిపోయింది. అది అచ్చయింది 1612లో.