అడిగినప్పుడే కొలవాలి



గోలీలాటలో ఎవరి గోలీ దగ్గరున్నదని పిల్లలు పోట్లాడుకొనుట మన ఊళ్లలో అందరమూ చూచినదే. జానతో కొలుస్తారు. కొలిచినవాడి చెయ్యి పెద్దదైతే ఒక తగవు, చిన్నదైతే మరొక తగవు. ఇటువంటి తగవు తీర్చుట కొరకే పెద్దవారు పుస్తకము చదివి, పరీక్ష వ్రాసి, అర్హత పొందే ఆట ఒకటున్నది. దాని పేరు లాన్ బౌల్స్. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో మన దేశపు స్త్రీలు నలుగురు దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి బంగారు పతకము తెచ్చినప్పుడు మనలో చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నారు. వారిలో ఒకరు జార్ఖండ్ పోలీసు ఉద్యోగి, మరొకరు బడిలో వ్యాయామము నేర్పే టీచరు. ఆడిన వారిని గూర్చి పత్రికలన్నీ వ్రాశాయి గనుక మేము కొలిచేవారిని గూర్చి వ్రాయదలిచాము.

ఆట చూచుటకు సులభమే. నున్నగా కత్తిరించిన పచ్చిక మీద ఒక చిన్న పట్టా పరచి, కనీసము 23 మీటర్ల దూరమునకు జాక్ అనే చిన్న బంతిని దొర్లించెదరు. తరువాత పెద్ద బంతులు దొర్లించి దానికి దగ్గరగా చేర్చవలెను. ఆ బంతులు తిన్నగా పోవు. వేగము తగ్గిన కొలది ఒక ప్రక్కకు వంపు తిరుగును. ఎదుటివారి అన్నిటికంటె దగ్గరి బంతి కన్న మన బంతులెన్ని దగ్గరున్నవో అన్ని పాయింట్లు.

ఇంగ్లండ్, స్కాట్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో ఈ ఆటకు ఊరూరా క్లబ్బులున్నవి. అంపైరు కాదలచినవారు ఎక్కువగా ఆడి ఆడి వయసు మళ్లినవారే. మొదట నియమాల పుస్తకము పట్టవలెను. 1849లో గ్లాస్గో న్యాయవాది మిచెల్ కూర్చిన నియమాలే నేటి పుస్తకానికి మూలము. వ్రాతపరీక్ష పిమ్మట పచ్చిక మీద చేతిపని పరీక్ష. అసలు కష్టము అక్కడనే.

అభ్యర్థి మోకాళ్లూని, బంతికిని జాక్‌కును మధ్య దారము లాగి కొలవవలెను. దారము సరిపోనంత దగ్గరుంటే కాలిపర్సు, ఇంకా దగ్గరైతే మోటారు మెకానిక్కులు వాడే ఫీలర్ గేజి. ఒక బంతి మరొక దానిమీద ఆనుకొని పడబోవుచున్నదా? కదలకుండ చిన్న చెక్క ఆనించి, అప్పుడు రెండవదానిని తీయవలెను. జాక్‌ను తాకిన బంతికి సుద్దతో గుర్తు పెట్టుదురు. అది మైదానము చుట్టునున్న కాలువలో పడినను చెల్లును. సుద్ద రాస్తే కదలిపోవునంత సున్నితముగా నిలిచియుంటే గుర్తు పెట్టక నోటితో చెప్పి ఊరుకొనవలెను. ఇవన్నీ చూచుచున్న ఆటగాళ్ల ఎదుటనే జరగవలెను. చెయ్యి వణికే వయసులో నేర్చుకొనే విద్య ఇది!

విసిరే క్షణమున ఆటగాని ఒక పాదమైనను పట్టా మీద గాని, దాని పైన గాలిలో గాని ఉండవలెను. తప్పితే మొదట హెచ్చరిక. మరల తప్పితే ఆ బంతి చెల్లదు. ఇది అంపైరు తనంతట తానే చూచి చెప్పవలసినది. అయితే కొలత సంగతి వేరు. ఎవరిది దగ్గరో ఆటగాళ్లు ముందు తమలో తాము ఒప్పుకొందురు. ఒప్పుకొనలేనప్పుడే అంపైరును పిలుతురు. వారు పొరపాటున ఒప్పుకొన్నారని ప్రక్కన నిలుచున్న అంపైరుకు కంటికి కనబడినను నోరు తెరువరాదు. మన ఊళ్లలో పిలువకముందే వచ్చి తీర్పు చెప్పే పెద్దమనుషులకు ఈ శిక్షణ గట్టిదేనని మాకనిపించును.

పిలిచి కొలిపించిన తరువాత ఆ కొలతకు తిరుగులేదు. నియమము యొక్క అర్థమును గూర్చి మాత్రము పోటీ జరిపే సంఘమునకు అప్పీలు చేసికొనవచ్చును. ఈ పనికి చాలాచోట్ల జీతము లేదు. కొలిచే సామాను సంచి భుజాన వేసికొని ఎండలో దినమంతా నిలువవలెను.

ఒక్కొక్కసారి ఏ పరికరముతో చూచినను రెండు బంతులూ సమదూరముననే తేలును. అటువంటప్పుడు ఎవరో ఒకరికి ఇచ్చివేయుటకు అంపైరుకు అధికారము లేదు. ఆ విడత ఆడినట్లే లెక్క, పాయింటు ఎవరికీ లేదు. ఆయన దారము చుట్టుకొని మెల్లగా లేచి నిలువవలెను.