గుండె ఆగినా ఊపిరితిత్తులు దక్కుతాయి

2021 ఫిబ్రవరి 2న హైదరాబాద్ మెట్రో రైలు ఒక గుండెను మోసుకెళ్లింది. నాగోలు నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా 21 కిలోమీటర్లు, అరగంటలోపే. ఆ గుండె నల్లగొండ జిల్లా రైతుది. బ్రెయిన్‌డెడ్ అని వైద్యులు తేల్చాక, పుట్టెడు దుఃఖంలోనూ కుటుంబం దానానికి ఒప్పుకొంది. పల్లె జనం ఇంత పెద్దమనసు చూపుతుంటే ప్రభుత్వ ఏర్పాట్లు మాత్రం సగం దారిలోనే ఆగాయి.

మన తెలంగాణలో ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ప్రధానంగా బ్రెయిన్‌డెడ్ కేసుల మీదే నడుస్తోంది. గుండె ఆగి చనిపోయినవారి అవయవాలు చాలావరకు మట్టిలో కలిసిపోతున్నాయి. చట్టం అడ్డేమీ కాదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం గుండె, ఊపిరి శాశ్వతంగా ఆగిపోవడాన్నీ మరణంగానే గుర్తించింది. చండీగఢ్ పీజీఐ 2011లోనే ఇలా గుండె ఆగినవారి దానాలకు శ్రీకారం చుట్టింది.

ముఖ్యంగా ఊపిరితిత్తులకు ఇక్కడ ప్రకృతే ఒక వెసులుబాటు ఇచ్చింది. రక్తం అందకపోతే కిడ్నీ, కాలేయం త్వరగా దెబ్బతింటాయి. ఊపిరితిత్తుల కణాలు మాత్రం గాలి గదుల్లోని ఆక్సిజన్‌తో కొంతసేపు నెట్టుకొస్తాయి. వాటిలోకి ఆక్సిజన్ పంపి, రక్తనాళం గుండా చల్లని ద్రావణం పారిస్తే, లోపలి రక్తం కడుక్కుపోయి ఎర్రటి ఊపిరితిత్తులు చూస్తుండగానే తెల్లబడతాయి. కొంత ఉబ్బి ఉండగానే శ్వాసనాళం మూసి, సంచుల్లో కట్టి, ఐసు పెట్టెలో ఉంచితే సుమారు ఆరు నుంచి ఎనిమిది గంటలు నిలుస్తాయి. నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరమే. కాబట్టి దూరాన్ని సాకుగా చెప్పడం కుదరదు.

ఇది నిన్న మొన్నటి ఊహ కూడా కాదు. 1963లో మిసిసిపీలో జేమ్స్ హార్డీ చేసిన తొలి ఊపిరితిత్తి మార్పిడిలో దాత గుండెపోటుతో చనిపోయిన వ్యక్తే. 2000లో స్వీడన్‌లోని లుండ్‌లో స్టిగ్ స్టీన్ బృందం గుండె ఆగిన దాత ఊపిరితిత్తులను శరీరంలోనే చల్లబరిచి, బయటికి తీశాక యంత్రం మీద పరీక్షించి, ఒకదాన్ని రోగికి అమర్చింది. ఊపిరితిత్తులను యంత్రం మీద ఆడించి చూసి అమర్చే శస్త్రచికిత్స 2021 డిసెంబరులో సికింద్రాబాద్ కిమ్స్‌లోనూ జరిగింది. నైపుణ్యం మన గడపలోనే ఉంది.

అవసరమూ ఇక్కడే ఉంది. ఒకప్పటి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోని షాద్‌నగర్ పరిసరాల్లో పలుగురాళ్లను పొడి చేసే మిల్లుల్లో కూలికెళ్లినవారి ఛాతీలో ఆ దుమ్ము పేరుకుపోయి సిలికోసిస్ తెచ్చిపెట్టింది. దాన్ని నయం చేసే మందు లేదు. జబ్బు ముదిరాక మిగిలే దారి మార్పిడి ఒక్కటే. ఇటు విజయవాడ రోడ్డు, అటు బెంగళూరు రోడ్డు ప్రమాదాల్లో తలకు దెబ్బలు తగిలి వెంటిలేటర్ మీదికి చేరేవారూ ఈ జిల్లాల్లోనే ఉన్నారు. ఇక బతకరని తెలిసినా బ్రెయిన్‌డెడ్ నిబంధనల్లోకి రానివారు వారిలో కొందరుంటారు. వెంటిలేటర్ తీశాక గుండె ఆగితే వారు దాతలు కాగలరు. అలాంటి రోగికి వెంటిలేటర్ తీసే విధానాన్ని సుప్రీంకోర్టు 2018లో ఖరారు చేసి, 2023లో సులభం చేసింది.

అవయవాల కోసం ముందే ఊపిరి తీసేస్తారేమోనన్న భయం జనంలో ఉంది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తప్పు. వెంటిలేటర్ తీయాలన్న నిర్ణయం దానం మాట ఎత్తకముందే జరగాలి. చికిత్స చేసే డాక్టర్లకు అవయవాలు సేకరించే బృందంతో ఏ సంబంధమూ ఉండకూడదు. గుండె ఆగాక బ్రిటన్‌లో ఐదు నిమిషాలు ఎవరూ చేయి వేయరు. ఇక్కడా అంతకు తగ్గకూడదు. ఈ గీత దాటినవారిపై కఠిన చర్య ఉంటుందని ప్రభుత్వం ముందే చెప్పాలి.

2025 మార్చిలో శాసనసభ ఆ 1994 కేంద్ర చట్టాన్ని సవరణలతో సహా స్వీకరించింది. మార్పిడి చేయని ఆస్పత్రుల్లోనూ అవయవాలు సేకరించే వీలు అందులో ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రులకు ఆ గుర్తింపు వెంటనే ఇవ్వాలి. రాత్రీ పగలూ అందుబాటులో ఉండే కోఆర్డినేటర్‌ను నియమించాలి. ప్రమాద కేసుల్లో పంచనామా, పోస్టుమార్టం కోసం శవం తెల్లారేదాకా పడి ఉండకూడదు. దానం ఉన్నచోట సూర్యాస్తమయం తర్వాతా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్రం 2021 నవంబరులోనే చెప్పింది. గుండె ఆగిన దాతల కోసం జీవన్‌దాన్ విడిగా మార్గదర్శకాలు రాసి, ఊపిరితిత్తులు, కిడ్నీలతో ఈ రెండు జిల్లాల్లోనే మొదలుపెట్టాలి.