పన్నీరు బూడిదలోకేనా?

మొక్కల్లోని లిగ్నిన్‌ను విడదీసే పరిజ్ఞానం ఉంది, వాడుకునే పరిశ్రమలూ ఉన్నాయి. లోటల్లా విధానంలోనే

జంషెడ్‌పూర్ కొలిమికీ చెట్లకూ ఉన్న అనుబంధం కొత్తదేమీ కాదు. 1912 ఫిబ్రవరిలో అక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైన నాటి నుంచి మండుతున్న బొగ్గంతా కోట్ల సంవత్సరాల కిందట భూమిలో కూరుకుపోయిన వృక్షసంపదే. అది కుళ్లి మట్టిలో కలిసిపోకుండా బొగ్గుగా మిగలడంలో పెద్ద పాత్ర లిగ్నిన్‌ది. మొక్కల కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులను సిమెంటులా పట్టి ఉంచే పదార్థమిది. కలపలో 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. వరిగడ్డిలో కాస్త తక్కువ.

ఇప్పుడా పాత బొగ్గే భారమవుతోంది. బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో టన్ను ఉక్కు తీస్తే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఏటా సుమారు కోటి టన్నుల ఉక్కు తీసే నగరానికి ఇది చిన్న లెక్క కాదు. పైగా దిగుమతి అయ్యే ఉక్కుపై యూరోపియన్ యూనియన్ విధించిన కర్బన సుంకం 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో అమల్లోకి వచ్చింది. 2045 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని టాటా స్టీల్ ప్రకటించింది. 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్‌లోని ‘ఇ’ బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి హైడ్రోజన్ పంపి చూసింది. బొగ్గులో కొంత భాగానికి బదులుగా మొక్కల నుంచి చేసిన బయోచార్‌నూ ప్రయత్నించింది.

మరి కర్బనం 60 శాతానికి పైగా ఉండే లిగ్నిన్‌నే నేరుగా కొలిమికి పంపితే సరిపోదా? లెక్కలు అందుకు ఒప్పుకోవు. 2022 ఆగస్టులో పానిపట్‌లో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ ఇథనాల్ కర్మాగారం ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి వాడుకునేలా కట్టింది. ఆ గడ్డిలోని లిగ్నిన్ మొత్తం తీసినా 40 వేల టన్నులు దాటదు. లక్షల టన్నుల బొగ్గు మింగే కొలిమికి అది ఏనుగు నోటికి అటుకుల్లాంటిది. జార్ఖండ్ గడ్డిని సేకరిద్దామన్నా చిక్కే. పంజాబ్‌లోలా అక్కడ దాన్ని పొలంలో తగలబెట్టరు. అది పశువుల మేత.

అసలు నిల్వ ఉన్నది కాగితం మిల్లుల్లో. సారపాక, రాజమండ్రి మిల్లుల్లో సుబాబుల్, సరుగుడు, యూకలిప్టస్ కలపను రసాయనాలతో ఉడికించినప్పుడు గుజ్జు ఒకవైపు, లిగ్నిన్ కరిగిన నల్లటి ద్రవం మరోవైపు తేలతాయి. ఆ ద్రవాన్ని చిక్కబరచి బాయిలర్‌లో మండిస్తారు. ఆవిరీ దొరుకుతుంది, రసాయనాలూ తిరిగి చేతికొస్తాయి. మిల్లు లెక్కలో అది వృథా కాదు. కానీ విలువైన పదార్థాన్ని వంటచెరకు ధరకు కాల్చడమే.

విడదీయడం అసాధ్యమేం కాదు. నల్ల ద్రవంలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే క్షారగుణం తగ్గి లిగ్నిన్ ముద్దగా కిందికి దిగుతుంది. దాన్ని వడగట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీటితో కడిగితే గోధుమరంగు పొడి మిగులుతుంది. స్వీడన్‌లో రూపొందిన ఈ పద్ధతి 2013లో అమెరికాలోని ఉత్తర కరోలినాలో వాణిజ్య స్థాయికి చేరింది. బాయిలర్ సామర్థ్యం చాలక గుజ్జు పెంచలేని మిల్లులకు ఇది రెండిందాల లాభం. బరువు తగ్గిన బాయిలర్ మరింత గుజ్జుకు దారిస్తుంది.

చిక్కంతా శుద్ధిలో ఉంది. ఇలా తీసిన లిగ్నిన్‌లో గంధకం మిగిలిపోతుంది. ఉక్కుకు గంధకం శత్రువు. గడ్డి నుంచి తీస్తే సిలికా బెడద. ఏ చెట్టు, ఏ పద్ధతి అన్నదాన్ని బట్టి గుణం మారిపోతుంది. లిగ్నిన్‌తో ఏదైనా చేయొచ్చు, డబ్బు తప్ప అనే ఛలోక్తి ఈ పరిశ్రమలో పుట్టింది అందుకే.

ఆ మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. నార్వేలో బొరెగార్డ్ సంస్థ కలప లిగ్నిన్ నుంచి వెనిలిన్ తీసి అమ్ముతోంది. కాంక్రీటును పలచబరిచేందుకు, పొడి ఖనిజాన్ని ఉండకట్టేందుకు లిగ్నిన్ లవణాలు పనికొస్తాయి. జంషెడ్‌పూర్‌లో తయారయ్యే లారీల్లాంటి వాటికి వాడే సీసపు బ్యాటరీల రుణ పలకల్లో చిటికెడు లిగ్నిన్ లవణం లేకపోతే బ్యాటరీ త్వరగా చచ్చుబడుతుంది. 2024 డిసెంబరులో నాగ్‌పూర్ సమీపంలోని మన్సర్ వద్ద జాతీయ రహదారిపై లిగ్నిన్ కలిపిన తారుతో వేసిన రోడ్డు ప్రారంభమైంది.

ప్రభుత్వం చూపు మాత్రం ఇంధనం దగ్గరే ఆగింది. 2019లో వచ్చిన ‘జీవన్’ పథకం గడ్డి నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాలకు ఆర్థిక సాయం చేస్తుంది. ఇథనాల్‌కు ఖాయమైన కొనుగోలుదారు ఉన్నాడు. పక్కనే మిగిలే లిగ్నిన్‌కు అలాంటి భరోసా లేదు. కాబట్టి తేలికైన దారి బాయిలరే.

జంషెడ్‌పూర్‌కు ఇక్కడ పాత్ర ఉంది, కానీ అది కొలిమిది కాదు. 1950 నుంచి ఆ నగరంలో ఉన్న జాతీయ లోహశోధన ప్రయోగశాలకు ఖనిజాలను శుద్ధి చేయడంలో, ఉండకట్టడంలో దశాబ్దాల అనుభవం ఉంది. ఎంత గంధకం ఉన్న లిగ్నిన్ ఏ పనికి పనికొస్తుందో తేల్చి, దానికో నాణ్యతా ప్రమాణం కడితే గోదావరి ఒడ్డు మిల్లుకు కొనేవాడు దొరుకుతాడు. మిల్లు లాభం కలపను పండించిన రైతు దాకా చేరుతుందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. పొడి బాయిలర్ దాటి బయటికొస్తేనే ఆ ప్రశ్నకైనా చోటుంటుంది.