ఉద్దానానికి నాలుగు మార్కులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు మీద అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలకు కొదవ లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి పరిశోధకులు రక్తం, మూత్రం, తాగే నీళ్ల నమూనాలు పట్టుకెళ్తూనే ఉన్నారు. కొబ్బరి, జీడి తోటల నడుమ బతికే మనుషులకు ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇదీ అని తేల్చిన జవాబు ఇంకా రాలేదు. దాన్ని నేను తప్పుపట్టను, సైన్సు నెమ్మదిగానే నడుస్తుంది. నా బాధల్లా వేరు. నమూనా ఇచ్చిన మనిషికి తన ఊరి నీళ్లలో ఏం తేలిందో తెలుగులో చెప్పడం అధ్యాపకుడి పదోన్నతి లెక్కలోకి రాదు.

ఆ లెక్క 2018 నాటి యూజీసీ నిబంధనల్లో పట్టిక వేసి మరీ ఉంది. సైన్సు అధ్యాపకుడు గుర్తింపున్న పత్రికలో వ్యాసం అచ్చేస్తే 8 మార్కులు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (దాని వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉటంకిస్తారో చెప్పే సూచీని) బట్టి అవి పెరుగుతాయి; అది 10 దాటితే 30 మార్కులు కూడా పడతాయి. అదే మనిషి విధాన పత్రం తయారుచేసి అంతర్జాతీయ సంస్థకిస్తే 10, కేంద్రానికిస్తే 7, రాష్ట్రానికిస్తే 4. పని ఊరికి దగ్గరయ్యేకొద్దీ విలువ తగ్గిపోతోంది! వ్యాసానికి ఇద్దరికి మించి రచయితలుంటే ముఖ్యులకు 70 శాతం, మిగిలినవాళ్లకు 30 శాతం. కిడ్నీ వైద్యుడు, భూగర్భజల నిపుణుడు, గణాంకవేత్త కలిసి కూర్చుంటే తప్ప తెమలని ఉద్దానం లాంటి సమస్యకు ఇంతకన్నా పెద్ద అడ్డంకి ఏముంటుంది?

అచ్చయినంత మాత్రాన నీళ్లు రావని మనకు ఎప్పుడో తెలిసింది. అప్పటి నెల్లూరు జిల్లాలో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ ఉందని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు నల్గొండ పల్లెల్లో అదే జబ్బుతో ఎముకలు వంకరపోయిన పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు. నేరమంతా పండితులదే అనను, కదలాల్సింది ప్రభుత్వాలు. కానీ అధికారిని కదిలించే కాగితం రాయడమూ విద్వత్తే, దానికీ తగినన్ని మార్కులుండాలి.

అంతర్జాతీయ లెక్కల్లోనూ ఇదే తంతు. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మూడోది ఆరోగ్యం, ఆరోది మంచినీళ్లు. గడువు 2030. ఈ లక్ష్యాల మీద విశ్వవిద్యాలయాలకు 2019 నుంచి ర్యాంకులిస్తున్నారు. అందులో పరిశోధన వాటాను ఎక్కువగా వ్యాసాల్లోని పదాలను వెతికి లెక్కగడతారు. నీటికి సంబంధించిన పదాలున్న వ్యాసం ఆరో లక్ష్యం ఖాతాలో పడవచ్చు. ఆ నీరు ఎవరి కుండలోకి చేరిందో అడిగేవాళ్లుండరు.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా ఈ మార్కుల పద్ధతిని పక్కనపెట్టి, సమాజానికి చేసిన పనినీ, భారతీయ భాషల్లో బోధననూ లెక్కలోకి తీసుకోవాలంది. వైస్ చాన్సలర్ల నియామకం మీద రేగిన రభసలో ఈ మంచి మాట మరుగున పడింది.

విశ్వవిద్యాలయాలు ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. సొంత డబ్బుతో ఇచ్చే పరిశోధన గ్రాంట్లకు, ఉత్తమ పరిశోధక పురస్కారాలకు షరతులు రాసుకునేది అవే. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉద్దానమున్న జిల్లాలోనే ఉంది. అది తన గ్రాంటు చివరి విడత డబ్బు విడుదల చేసేముందు రెండు కాగితాలు అడిగితే చాలు: ఫలితాన్ని గ్రామసభలో తెలుగులో చదివినట్టు పంచాయతీ సంతకం, వివరాలు అందినట్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రసీదు. ఈ విద్యాసంవత్సరం గ్రాంట్లతోనే మొదలుపెట్టవచ్చు.