సత్యవతి పేరులో ‘య’ ఎక్కడికి పోయింది?

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా సంఘం అధ్యక్షులకు, సభ్యులకు



నేను కోనసీమ జిల్లా ఐ. పోలవరం మండలం మురమళ్ళలో డీటీపీ పని చేసుకుని బతికేవాణ్ణి. మా ఊరి భద్రకాళీ సమేత వీరేశ్వర స్వామికి నిత్యం కల్యాణమే. ఇంట్లో పెళ్ళి కుదరాలని మొక్కుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్వామికి కల్యాణం చేయిస్తారు, పేరూ గోత్రమూ చెప్పుకుంటారు. ఆ గుడి ఉన్న ఊళ్ళో పెరిగినందుకేమో, ఎవరి పేరైనా తప్పుగా పడితే నాకు మనసు ఊరుకోదు. శుభలేఖ మీద ఒక్క వత్తు జారినా అచ్చుకు పంపను.

కొంతకాలం కిందట ఓ కార్యాలయం వారి వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని నా దగ్గరకు వచ్చింది. వాళ్ళే ఇచ్చిన ప్రోగ్రాం, పేరు గడిలో తెలుగులో కొట్టాలి. ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ పేరు సత్యవతి అనుకోండి. కొట్టాను. తెర మీద ‘సత్వతి’ అని పడింది. వేలు జారిందేమోనని చెరిపి మళ్ళీ కొట్టాను. మళ్ళీ సత్వతే. అదే కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ తెరిచి కొడితే సత్యవతి నిండుగా వచ్చింది. దాన్ని కాపీ చేసి గడిలో అతికించి ఆవిణ్ణి పంపించాను. తర్వాత వచ్చిన సూర్యకాంతం సూర్కాంతమైంది. చిట్టెమ్మ అని కొడితే మొదట్లో ఒక చుక్కల వలయం, దాని మీద దిక్కులేని గుడి కనిపించాయి. ‘చ’ లేదు, ‘ట’ లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక కీబోర్డు ముందేసుకుని కూర్చున్నాను. మాయమైన అక్షరాలన్నీ రాసుకుంటే కారణం కళ్ళెదుటే ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ‘య’ ఉండేది ఇంగ్లీషు ఏటవాలు గీటు (/) గుర్తు కీ మీద. ‘చ’ సెమీకోలన్ మీద, ‘ట’ అపాస్ట్రఫీ మీద, ‘డ’ స్క్వేర్ బ్రాకెట్ మీద, ‘ష’ షిఫ్ట్‌తో కామా మీద. పేరులో కామాలూ గీట్లూ రాకూడదని ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళు ఆ కీలను మూసేశారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ వాళ్ళు చూసింది ఏ కీ కిందికి దిగిందనే. ఆ కీ నుంచి ఏ అక్షరం వచ్చిందో చూడలేదు.

అయ్యా, ఈ లేఖలో నేను చెప్పదలచినదంతా ఈ తేడా గురించే. కీ నొక్కినప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాంకి రెండు వేర్వేరు కబుర్లు పంపుతుంది. మొదటిది, ఫలానా కీ కిందికి దిగింది అని. రెండోది, ఆ కీ వల్ల ఫలానా అక్షరం తయారైంది అని. విండోస్‌లో మొదటిదాన్ని కీడౌన్ అంటారు, రెండోదాన్ని చార్ అంటారు. జావాలో అవే కీప్రెస్డ్, కీటైప్డ్. ఇంగ్లీషులో ఈ రెండూ దాదాపు ఒకటే కాబట్టి, ఇంగ్లీషు మాత్రమే కొట్టి చూసే ప్రోగ్రామర్‌కి తేడా ఎప్పటికీ తెలియదు. తెలుగులో అవి రెండూ రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ పట్టుకుని 7 నొక్కితే ‘క్ష’ వస్తుంది. కీ ఒక్కటే దిగింది, లోపలికి మాత్రం క, పొల్లు, ష అని మూడు సంకేతాలు వెళ్ళాయి. ఒక కీకి ఒక అక్షరమే అనుకున్న ప్రోగ్రాం అక్కడే తడబడుతుంది.

ఉచ్చారణ ప్రకారం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళ సంగతి ఇంకా సున్నితం. అక్కడ చాలా పద్ధతుల్లో మాట పూర్తయ్యేదాకా అక్షరాలు కింద గీతతో పచ్చిగా ఉంటాయి. ఎంటర్ నొక్కితే అప్పుడు ఖాయమవుతాయి. ప్రోగ్రాం తొందరపడి ఆ ఎంటర్‌ని తానే లాగేసుకుంటే, సగం పేరుతో దరఖాస్తు వెళ్ళిపోతుంది. ఖాయమైన మాట కోసం ఆగడానికి ప్రోగ్రాంలు రాయడానికి వాడే క్యూటీ, జీటీకే, జావా వంటి సరంజామాలన్నింటిలోనూ ఏర్పాటు ఉంది. జావాలో అయితే 1998 నుంచే ఉంది. వాడుకోవాలన్న పట్టింపే కావాలి.

షార్ట్‌కట్‌ల దగ్గర ధర్మం తిరగబడుతుంది. కాపీ చేయడానికి కంట్రోల్‌తో సి నొక్కుతాం. ఇన్‌స్క్రిప్ట్‌లో సి కీ మీద ఉండేది ‘మ’. అక్కడ కూడా ప్రోగ్రాం అక్షరం కోసమే వెతికితే దానికి ‘మ’ కనిపిస్తుంది, కాపీ జరగదు. అందుకే రాతకు అక్షరాన్ని చూడాలి, షార్ట్‌కట్‌కు కీని చూడాలి. చాలా ప్రోగ్రాంలలో ఇది సరిగ్గా తలకిందులుగా ఉంటోంది.

ఇదివరకు ఈ బాధ మాకు ఎందుకు తెలియలేదంటే, మేమంతా అను ఫాంట్లలో కొట్టేవాళ్ళం. అందులో తెర మీద కనిపించేది తెలుగైనా, కంప్యూటర్ లోపల దాచుకునేది యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణంలోని తెలుగు కాదు. శుభలేఖకు, కరపత్రానికి అది సరిపోయింది. పేరు వెతకడానికి, ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు పంపడానికి పనికిరాదు. యూనికోడ్ వచ్చాక తెలుగు నిజంగా తెలుగుగా లోపలికి వెళ్ళడం మొదలైంది. ఆ రోజు నేను పడ్డ సంతోషం మాటల్లో చెప్పలేను. ఇప్పుడు గుమ్మం దగ్గరే అక్షరాలు రాలిపోతుంటే అందుకే ఇంత బాధ.

మా ఊరి పేరే చూడండి. మురమళ్ళ: చదివేవాడికి నాలుగు అక్షరాలు, కంప్యూటర్‌కి ఏడు సంకేతాలు. చివరి ‘ళ్ళ’ చెరపాలంటే బ్యాక్‌స్పేస్ మూడుసార్లు నొక్కాలి. కొట్టేవాడికి అది మంచిదే, వత్తు తప్పు పడితే వత్తు ఒక్కటే తీసి దిద్దుకోవచ్చు. కానీ బాణం కీతో జరిగేటప్పుడు కర్సర్ ‘ళ్ళ’ మధ్యలో ఆగకూడదు. మన సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కించాలన్న నియమాన్ని యూనికోడ్ వారు 2023లో 15.1 వెర్షన్‌లో చేర్చారు. అది ఇంకా అన్ని ప్రోగ్రాంలకూ చేరాలి. కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటుంది, దాన్ని చెత్త అనుకుని తీసేసే ప్రోగ్రాంలూ ఉన్నాయి. అప్పుడు రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అవుతాడు.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. వావిలాల గోపాలకృష్ణయ్య గారు మీ సంఘానికి తొలి అధ్యక్షులు. కాగితం మీద తెలుగు ఉండాలని ఆ తరం పోరాడింది. ఇప్పుడు కాగితం కంటే ముందు కంప్యూటర్ తెర మీది గడి ఉంది. బటన్ల మీద ‘సమర్పించు’ అని తెలుగులో రాసి ఉంటే, ఆ ప్రోగ్రాం తెలుగుకు సిద్ధమైందని ధ్రువీకరిస్తున్నారు. ఆ గడిలో తెలుగు కొట్టి చూసేవాళ్ళు కనబడటం లేదు.

నా విన్నపం ఒక్కటే. ప్రభుత్వ కార్యాలయాల కోసం ఏ ప్రోగ్రాం తయారైనా, డబ్బు చెల్లించే ముందు ఒక టైపిస్టును దాని ముందు కూర్చోబెట్టమని ప్రభుత్వానికి సిఫారసు చేయండి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒకసారి, ఉచ్చారణ పద్ధతిలో ఒకసారి ఈ పేర్లు కొట్టించండి: సత్యవతి, సూర్యకాంతం, చిట్టెమ్మ, లక్ష్మి, రాజ్‌కుమార్, మురమళ్ళ. మధ్యలో చెరిపించండి, కాపీ చేయించండి, ఎంటర్ నొక్కించండి. పావుగంట పని. కొట్టేవాళ్ళు దొరక్కపోతే నేను వస్తాను, ఏ ఊరైనా సరే, నా ఖర్చులతోనే.

ఆ పెద్దావిడ వెళ్ళేముందు తెర వైపు చూసి, ‘నా పేరు సరిగ్గానే పడిందా బాబూ?’ అని అడిగారు. ఆవిడకు చదువు రాదు. పడిందమ్మా అని చెప్పగలిగాను. మిగతా ఊళ్ళలో, వెనక జనం తొందరపెడుతుంటే సత్వతినే ఖాయం చేసేసిన చోట్ల ఆ ప్రశ్నకు ఏం జవాబు వచ్చి ఉంటుందో మీరు కనుక్కోవాలి.

ఇట్లు,
మీ విధేయుడు,
మురమళ్ళ డీటీపీ ఆపరేటరు