వేగపరీక్షల ప్రామాణ్యము

సంతలో బియ్యము కొను నిరుపేద కూలికి సైతము ఒక రక్షణ కలదు. వర్తకుని తక్కెడమీదను తూనికరాయి మీదను ప్రభుత్వపు ముద్ర యుండవలెను. లేనిచో వర్తకుడు శిక్షార్హుడు. పెట్రోలు బంకులో అనుమానము కలిగినప్పుడు, ముద్రపడిన 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపుమని అడుగు హక్కు కొనుగోలుదారునకు గలదు. కొలత అమ్మువాని సొత్తు కాదు, కొనువాని సొత్తును కాదు. అది ఇరువురకును మధ్యవర్తి. ఈ ధర్మముమీదనే బజారు నిలిచియున్నది. అయితే నేడు లక్షలాది గృహస్థులు ఉప్పు పప్పులతోపాటు నెలనెలా కొనుచున్న సరకొకటి కలదు. దానికి ముద్రరాయి లేదు. ఆ సరకు ఇంటర్నెట్టు వేగము.

మా పాఠకులలో అనేకులకు ఈ క్రింది యనుభవము క్రొత్తది గాదు. సెకనుకు 100 మెగాబిట్ల వేగమని చెప్పి కంపెనీవారు తీగ వేసిరి. రాత్రి తొమ్మిది గంటలకు కుమార్తె కళాశాలకు దరఖాస్తు పంపబోగా పుట కదలదు. పరదేశమందున్న కుమారుని ముఖము ఫోనులో ముక్కలుముక్కలై నిలిచిపోవును. కంపెనీవారిని పిలిచి మొరపెట్టుకొన్న, "వేగపరీక్ష చేసి చూడుడు" అని జవాబు వచ్చును. మీట నొక్కగా ముల్లు గిర్రున తిరిగి 96 వద్ద నిలుచును. "చూచితిరా, మా లోపమేమియు లేదు" అని వారు ఫోను పెట్టివేయుదురు. గృహస్థుడు నిరుత్తరుడగును. తన కన్నులు చూచినది అబద్ధమా? ముల్లు చూపినది అబద్ధమా? మా అభిప్రాయమున రెండును నిజములే. ముల్లు అబద్ధమాడలేదు, కాని మనమడిగిన ప్రశ్న యొకటి, అది చెప్పిన యుత్తరము వేరొకదానికి.

ఈ పరీక్ష యెట్లు జరుగునో ముందు తెలిసికొందము. 2006లో వెలువడిన ఊక్లావారి స్పీడ్‌టెస్ట్ లోకమందు మిక్కిలి ప్రసిద్ధమైనది. మీట నొక్కినంతనే అది మనకు దగ్గరనున్న సర్వరులలో త్వరగా బదులు పలుకుదానిని ఎన్నుకొనును. దానితో ఏకకాలమున అనేక సంబంధములు కల్పించుకొని, కొన్ని సెకనులపాటు సమాచారమును తెప్పించుకొని, మరల కొంత పంపి, లెక్కకట్టును. అనగా మన యింటినుండి ఆ సమీపపు సర్వరు వరకుగల దారి ఆ క్షణమున ఎంత భారము మోయగలదో అంతమాత్రమే అది చెప్పును. అంతకుమించి యేమియు చెప్పదు.

మన డెల్టా రైతులకు ఈ సంగతి సులభముగా బోధపడును. పిల్లకాలువ వెడల్పు కొలిచి యిందులో ఇంత నీరు పారగలదనుట సత్యమే కావచ్చును. కాని పైని లాకు తలుపులు దించియున్నచో శివారు భూమికి చుక్కనీరు రాదు. మన పిల్లలు చదువు పాఠములుగాని, మనము సొమ్ము పంపు బ్యాంకు లెక్కలుగాని ఆ సమీపపు సర్వరులో నుండవు. ముంబయిలోనో, సింగపూరులోనో, అమెరికాలోనో యుండవచ్చును. నడుమ ఒక కంపెనీ మార్గము మరియొక కంపెనీ మార్గముతో కలయు కూడళ్లున్నవి. ఆ కూడళ్లలో రద్దీ యేర్పడినప్పుడు మన పిల్లకాలువ ఎంత వెడల్పైననేమి ప్రయోజనము?

దారి మాట యట్లుండగా, కాలము మాట చూడుడు. ఇంటింటికిని వచ్చు గాజుతీగ ఇంటింటికిని ప్రత్యేకమైనది కాదు. విశేషవ్యాప్తిలోనున్న జీపాన్ పద్ధతిలో, సెకనుకు సుమారు రెండున్నర గిగాబిట్ల యొక్క ధారను 32 ఇండ్లకో 64 ఇండ్లకో పంచుదురు. అందరును ఒక్కసారి నిండుగా వాడరను నమ్మకముమీదనే ఈ పంపకము సాగుచున్నది. అది అధర్మమని మేమనము. అట్లు పంచనిదే ధర తగ్గదు. కాని మధ్యాహ్నము మూడుగంటలకు తీసిన కొలత రాత్రి తొమ్మిదిగంటలకు సాక్ష్యము కానేరదు.

ఇక జాప్యము కలదు. వేగము వేరు, జాప్యము వేరు. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచియుండు ఉపగ్రహముద్వారా వచ్చు సంబంధమున వేగమెంత యున్నను, మన ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు అరసెకను పట్టును. మాటామంతికి అది యెంత చిరాకో అనుభవించినవారికే తెలియును. ఇంటి తీగలోను ఈ బాధ లేకపోలేదు. ఒకరు ఛాయాచిత్రములు పంపుచుండగా సమాచారము వరుసలుగట్టి నిలిచి, ప్రక్కగదిలోని వారి సంభాషణ తెగిపోవుచుండును. ఖాళీగానున్న దారిమీద కొలిచిన జాప్యము ఈ వరుసలను చూపజాలదు. పెద్ద అంకెను చూచి మురియువారు దాని ప్రక్కనున్న యీ చిన్న అంకెను చూచుటయే లేదు.

న్యాయము చెప్పవలెనన్న, లోపము సర్వదా కంపెనీదే కాదు. రెండు గోడల ఆవలనుండి వైఫైమీద పరీక్షచేసి, తీగ వేగము పడిపోయినదని దూషించుట తగదు. 100 మెగాబిట్లకు మించి మోయలేని పాతపెట్టెకు 300 మెగాబిట్ల చందా కట్టినవాడు తన పెట్టెను తిట్టుకొనవలెనుగాని కంపెనీని గాదు. మరియు బిట్లు వేరు, బైట్లు వేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల సంబంధమున సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లకు మించి రావు. ఈ భేదమెరుగక మోసపోయితిమని వాపోవువారు కలరు. ఈ భేదమును స్పష్టముగా చెప్పక ఊరకుండు అమ్మకపుదారులును కలరు.

ఒకే గదిలో, ఒకే నిమిషమున, మూడు పరీక్షలు మూడు అంకెలు చూపుననుట మరియొక ఫిర్యాదు. ఇందులో ఆశ్చర్యమేమియు లేదు. 2009లో నెలకొన్న మెజర్‌మెంట్ ల్యాబ్‌వారి పరీక్ష ఒకే సంబంధముతో కొలుచును. 2016లో నెట్‌ఫ్లిక్స్‌వారు పెట్టిన ఫాస్ట్ అను పరీక్ష తమ చలనచిత్రములు వచ్చు సర్వరులనుండియే కొలుచును. ఊక్లావారిది అనేక సంబంధములతో సమీపమున కొలుచును. ఒకడు మానికతోను, ఒకడు తవ్వతోను, ఒకడు గంపతోను కొలిచిన అంకెలు ఏకమగునా? ఏ కొలతయు దొంగకొలత కాదు. దేనిని కొలిచితిమో చెప్పక అంకెనుమాత్రము చాటుటయే దోషము.

అసలు ప్రమాదము యంత్రమున లేదు, దాని యాజమాన్యమున నున్నది. ప్రసిద్ధ పరీక్షల సర్వరులలో అనేకము కంపెనీల మార్గములలోనే, వారి పోషణలోనే యున్నవి. పరీక్షకు వచ్చు సమాచారమును గుర్తించి దానికిమాత్రము రాచబాట విడుచుట సాంకేతికముగా అసాధ్యము గాదు. ప్రతి కంపెనీయు అట్లు చేయుచున్నదని మేమారోపింపము. కాని అమ్మువాని యింట, అమ్మువాని తక్కెడలో తూచిన తూకమును అమ్మువాడే సాక్ష్యముగా చూపుట ఏ బజారులోనైన చెల్లునా?

ఇతరదేశములు ఈ చిక్కును గుర్తించినవి. 2017లో న్యూయార్కు రాష్ట్రపు అటార్నీ జనరల్ ఒక పెద్ద కేబులు కంపెనీపై వ్యాజ్యము వేసి, వాగ్దానము చేసిన వేగమును మోయజాలని మోడెములను చందాదారులకు అద్దెకిచ్చెననియు, వెలుపలి మార్గములతో కలయు కూడళ్లలో తగిన చోటు కల్పింపలేదనియు ఆరోపించెను. 2018 డిసెంబరులో ఆ కంపెనీ 17 కోట్ల 42 లక్షల డాలర్ల విలువకు రాజీపడెను; అందు 6 కోట్ల 25 లక్షల డాలర్లు చందాదారులకు నేరుగా చేరవలసిన సొమ్ము. అమెరికా కేంద్రప్రభుత్వపు సమాచారసంఘమువారు అంతకుముందే, సమ్మతించిన చందాదారుల యిండ్లలో చిన్న కొలతపెట్టెలు అమర్చి రేయింబవళ్లు కొలిపించి, 2011లో తొలి నివేదికను కంపెనీల పేర్లతోసహా ప్రకటించిరి. బ్రిటనులో ఒకప్పుడు నూటికి పదిమందికి అందు వేగమునే "వరకు" అను మాట తగిలించి ప్రకటింప వీలుండెను. 2018 మే 23 నుండి, ప్రకటించు వేగము రాత్రి 8 నుండి 10 గంటల రద్దీవేళ కనీసము సగముమంది చందాదారులకైన అందియుండవలెనని నియమమేర్పడినది.

మన దేశమున ఏమియు జరుగలేదని చెప్పుట సత్యము గాదు. బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనుటకు కనీసవేగము 2004 విధానమున సెకనుకు 256 కిలోబిట్లుండగా, 2023 జనవరిలో దానిని 2 మెగాబిట్లకు పెంచిరి. 2016లో ట్రాయ్‌వారు మైస్పీడ్ అను సాధనమును ప్రజలకిచ్చి, కొలిచిన అంకెలను తమకు పంపుడనిరి. 2024లో క్రొత్త సేవాప్రమాణముల నిబంధనలు చేసి, అక్టోబరు 1 నుండి ఆచరణలో పెట్టిరి. ఇవి స్తుత్యములు. కాని 100 మెగాబిట్లని ప్రకటించి 2 మెగాబిట్లకు తగ్గనంతవరకు బ్రాడ్‌బ్యాండు అను పేరు చెల్లుచునే యుండునన్న, చందాదారునకు ఆ నిర్వచనమువలన కలిగిన మేలెంత? పదికిలోల సొమ్ము పుచ్చుకొని, రెండువందల గ్రాములకు తగ్గలేదు గనుక ధర్మముగా తూచితిమనినట్లుండును.

పల్లెల సంగతి మరియు విచారకరము. 2011లో అంగీకరింపబడి తరువాత భారత్‌నెట్ అను పేరు దాల్చిన పథకము దేశమందలి సుమారు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు గాజుతీగ చేర్చుటకు ఉద్దేశింపబడినది. ఆంధ్రప్రదేశమున ఫైబర్‌నెట్, తెలంగాణమున టీ-ఫైబర్ ఇట్టి యుద్దేశముతోనే పుట్టినవి. తీగ చేరుట యొకటి, ఆ తీగలో వేగము ప్రవహించుట మరియొకటి. నగరపు నడిబొడ్డున వేలమంది నొక్కిన మీటలవలన దేశపు సగటు పెరుగును. మీట నొక్కుటకే సంబంధము నిలువని గ్రామము ఆ సగటున లెక్కకే రాదు. తలకాలువలోని నీటిని చూచి శివారు రైతును సుఖముగా నున్నాడనుట వంటిది గదా ఇది!

కావున మేము కోరునవి కఠినమైనవి కావు. ప్రకటనలలో "వరకు" అను మాట తొలగి, రాత్రి రద్దీవేళ సగముమందికైన అందు వేగమే ప్రకటింపబడవలెను. కంపెనీల మార్గములకు వెలుపలనున్న సర్వరులతో, పద్ధతి బహిరంగముగానున్న అధికారిక పరీక్ష యొకటి యుండవలెను. సమ్మతించిన యిండ్లలో, ముఖ్యముగా పల్లెలలో, కొలతపెట్టెలు నిలుపవలెను. వేగముతోపాటు జాప్యమును, సమాచారనష్టమును జిల్లాలవారీగా ప్రకటింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ కొలతలో వాగ్దానము తప్పినట్లు తేలిన నెలకు, చందాదారుడు వేడుకొననక్కరలేకయే చందా తగ్గవలెను. శిక్షలేని కొలత ముద్రలేని రాయివంటిదే.

ఇంతలో పౌరుని బాధ్యతయు కలదు. ఒక్కమారు మీట నొక్కి కోపించుటవలన లాభము లేదు. పెట్టెకు తీగ తగిలించి, ఇంటిలో ఇతరులు వాడని సమయమున, ఉదయమొకసారి, రాత్రి 9 గంటలకొకసారి, రెండుమూడు వేర్వేరు పరీక్షలతో వారముదినములు కొలిచి, తేదీ, వేళ, వేగము, జాప్యము పుస్తకమున వ్రాసికొనవలెను. అట్టి పుస్తకమును ముందుంచి అడిగిన చందాదారుని, ఒక్క 96ను చూపి పంపివేయుట ఏ కంపెనీకిని సులభము గాదు. ఒక వీధివారు కలిసి వ్రాసిన పుస్తకమునకు మరింత బలముండును.

నేడు చదువు, ఉద్యోగము, పింఛను, వైద్యుని సలహా, పంట ధర, అన్నియు ఈ తీగగుండనే వచ్చుచున్నవి. ఈ తీగలో తూకము తగ్గినచో నష్టపడునది వినోదముమాత్రమే గాదు. గడువు దాటిన దరఖాస్తు మరల రాదు. బియ్యపు తక్కెడకు ముద్రవేయ నేర్చిన ప్రభుత్వము వేగపు తక్కెడకును ముద్రవేయవలెను. ఆ ముద్ర పడువరకు ముల్లు చూపు అంకెను విందము గాని, దానిని తీర్పుగా నంగీకరింపము.